కిర్రు

"నూనె వేశావా? డ్రమ్ముల పెడల్‌కి నూనె వేశావా?" రాస్కో చేతిలోని ట్రంపెట్ జారి పడబోయింది.

"తుప్పు పట్టిపోయింది కదా మావయ్యా! గురువుగారి సంస్మరణ రోజైనా శుభ్రంగా ఉండాలని..." లూషస్ నసిగాడు. గడ్డం నెరిసినా, పోయిన డ్రమ్మర్ క్లీయోఫస్‌కి శిష్యుడేగా, ఆయన పాత జతగాడు రాస్కో చేత తిట్లు తప్పవు.

"నీ శుభ్రం తగలెయ్య! ఆయన కిర్రు చంపేశావు కదరా!"

హార్లెం పేట మొత్తానికి తెలిసిన కిర్రు అది. స్వింగ్ జాజ్ పాటలు ఊపేసిన ఆ రోజుల్లో, డ్రమ్ముల దగ్గర క్లీయోఫస్ ఎడమ పాదంతో పెడల్ తొక్కి జంట తాళాలు మూసినప్పుడల్లా, వాటి వెనకే సన్నగా 'కిర్రు'మనేది. ఆయన ప్రతి రికార్డులోనూ ఉంది. దానికోసం ఊళ్లో డ్రమ్మర్లు తమ పెడళ్లని ఉప్పునీళ్లలో నానబెట్టారు. పెడళ్లు పాడయ్యాయి గానీ కిర్రు మాత్రం రాలేదు, పాపం.

చర్చి కింది హాలు నిండిపోయింది. ముందు వరసలో క్లీయోఫస్ భార్య ఎర్నెస్టీన్ కూర్చుంది. చూపు పోయి చాన్నాళ్లయింది. పొద్దుటినుంచీ ఒకటే మాట: "ఎంత జనంలో ఉన్నా ఆ కిర్రు వింటే మా ఆయన ఎక్కడున్నాడో తెలిసేది. ఇంకొక్కసారి వింటే చాలర్రా!"

ఇప్పుడామెకి ఏం చెప్పాలి? లూషస్‌కి ఏడుపొక్కటే తక్కువ. మెల్లగా వెళ్లి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, ఒక తప్పు చేశాను..."

"చేశావు. అడుగు చప్పుడే లేదు, రబ్బరు బూట్లేసుకొచ్చావా? ఆయన పీట మీద వాటితోనే కూర్చుంటావా? సిగ్గులేదూ!" ఒళ్లో సంచీలోంచి పాత నల్లబూట్లు తీసి అతని చేతుల్లో కుక్కింది. "ఇవి వేసుకో. ఇంకేం మాట్లాడకు. వెళ్లు."

లూషస్ వాటిని పట్టుకుని లేచాడు. డ్రమ్ముల దగ్గర కూర్చుని బూట్లు మార్చుకున్నాడు. రాస్కో కొరకొరా చూస్తూనే ట్రంపెట్ ఎత్తాడు. లూషస్ గట్టిగా కళ్లు మూసుకుని ఎడమ పాదం నొక్కాడు.

కిర్రు.

మళ్లీ, కిర్రు! రాస్కో ఊదడం మర్చిపోయాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఎర్నెస్టీన్ మాత్రం లేవలేదు. తల కాస్త పక్కకి వంచి, నవ్వుతూ, ఏడుస్తూ వింది.

పాట అవగానే లూషస్ పరుగున వచ్చి ఆమె చేతులు పట్టుకున్నాడు. "నన్ను నమ్ము పెద్దమ్మా! ఆ పెడల్‌కి పొద్దున నేనే నూనె వేశాను. అయినా ఎలా మోగింది?"

"పెడలేమిట్రా, పిచ్చి సన్నాసీ!" ఎర్నెస్టీన్ వంగి, అతని ఎడమ బూటు తడిమి నిమిరింది. "మా పెళ్లికి నేను కొన్న చవక బూట్లు. బాగుచేయించవయ్యా మగడా అంటే, 'నువ్వు కొనిపెట్టినవి, వాటి నోరెలా మూయిస్తానే!' అనేవాడు."