మెల్లగా మొరిగే కుక్కలు

హాల్లోంచి మళ్ళీ నవ్వులు వినబడ్డాయి. హాలు వెనక వంటగదిలో నిలబడ్డ హెలెద్ తలుపు దగ్గరికి వేసింది. అది నవ్వాల్సిన సీను కాదు. ముసలి గొర్రెలకాపరి వెంట అన్నూన్ కుక్కలు పడే సీను.

ఒళ్ళంతా తెలుపు, చెవులు మాత్రం ఎరుపు. ఆయువు తీరిన మనిషిని తీసుకుపోవడానికి పాతాళం నుంచి వచ్చే ఆ వేటకుక్కల కథ ఆమెకు చిన్నప్పుడు చెప్పింది తండ్రి ఇద్వల్. అందుకే తన మొదటి సినిమాను పట్నాలకంటే ముందు సొంతూరి చాపెల్ హాల్లో, కిటికీలకు దుప్పట్లు కట్టి మరీ, మధ్యాహ్నం ఆట వేయించింది. ఊరంతా వచ్చింది. ఇద్వల్ ముందు వరసలో కూర్చున్నాడు. హెలెద్ మాత్రం ఆ నవ్వులు భరించలేక సగంలోనే లేచి ఇవతలికి వచ్చేసింది.

టీ కాచడానికి వచ్చిన దిలిస్ ఆంటీ నోరు ఊరుకోలేదు.

"ఏమనుకోకే పిల్లా, దగ్గరికొచ్చేకొద్దీ ఆ కుక్కలు చెవులు చిల్లులు పడేలా మొరుగుతాయేంటి? దూరాన ఉంటే గట్టిగా, పక్కకొస్తే మెల్లగా వినబడతాయని మన ఊళ్ళో పాలుతాగే పిల్లాడికైనా తెలుసే."

హెలెద్‌కు తెలియక కాదు. నిర్మాతకు నోరు నొప్పిపుట్టేలా చెప్పింది. మెల్లగా మొరిగితే ఎవడు జడుస్తాడని ఆయన కొట్టిపారేశాడు. కనీసం చివరి సీనైనా తన మాట ప్రకారం ఉంచమని బతిమాలితే, చూద్దాం అన్నాడు. సినిమా తుది ప్రతి ఇవాళ ఉదయమే చేతికొచ్చింది. చివరిదాకా చూసే తీరిక దొరకలేదు. నిజం చెప్పాలంటే ధైర్యం చాలలేదు.

ఊరు ఏమనుకున్నా ఆమె పడుతుంది. సినిమా బాగాలేదని నాన్న అంటే మాత్రం ఇక కెమెరా ముట్టదు. షూటింగుకు బయల్దేరిన రోజు ఆయన అన్నది ఒక్కటే మాట, నా కథ తప్పుగా చెప్పకు అని. అది తలచుకుంటూ ఆమె చేతిలోని వెల్ష్ కేకును పొడిపొడి చేసేసింది.

హాల్లో ఉన్నట్టుండి గోల మొదలైంది. సౌండు పెంచమని ఎవరో అరిచారు. ఇంకెవరో ఈల వేశారు.

పెంచమంటున్నారంటే తగ్గిందన్నమాటేగా! నిర్మాత తన మాట విన్నాడా?

ఆట ముగిసింది. వెళ్ళేవాళ్ళు మొహమాటానికి తలో మాట అనిపోయారు. గొర్రెలు చాలా బాగా నటించాయని మెచ్చుకున్నాడు ఒకాయన.

అందరికంటే చివర ఇద్వల్ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. టీ అందిస్తే కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"సినిమా చాలామటుకు చెత్త" అన్నాడు.

హెలెద్ తలొంచుకుంది.

"చివర మాత్రం సరిగ్గా చెప్పావు బంగారం. మొదట కొండ అవతల గోలగోలగా మొరిగాయి. తర్వాత మెల్లగా, ఇంకా మెల్లగా. ఆఖరికి నా చెవి పక్కనే కుక్కపిల్ల మూలిగినట్టు వినబడింది. ఇన్నేళ్ళు ఆ కథ చెప్పానుగానీ, దానికి భయపడింది ఇవాళే."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన భుజానికి తల ఆన్చింది. చొక్కా చెమటతో తడిసి చల్లగా తగిలింది.

"మరి వాళ్ళంతా సౌండు పెంచమని అరిచారు కదా నాన్నా?"

"ఏమో, వాళ్ళకి వినబడలేదేమో."

ప్రొజెక్టర్ నడిపే ఎల్వెడ్ చేతికి వైరు చుట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. హెలెద్ మొహంలోకి చూడలేకపోయాడు. స్పీకర్ కాలిపోయిందనీ, ఎంత తంటాలు పడినా బాగుపడలేదనీ గొణిగాడు.

"చివరి సీనంతా మూగగానే నడిచింది."