గాలి మోటారు

జగదీశ్ అమీర్‌పేటలోని ఒక చేపల దుకాణంలో అద్దాల తొట్టి కొన్నాడు. కొన్న మరుక్షణం నుంచే దుకాణం యజమాని రాబిన్‌కు ఒళ్లు మండడం మొదలైంది.

జగదీశ్ బల్కంపేటలో టైలరు. తొట్టిలోకి ఏమేం కావాలో ఫోన్‌లో చూపిస్తూ కూతుర్నే అడుగుతున్నాడు. దివ్యశ్రీకి ఎనిమిదేళ్లు. పంజాగుట్టలో ఒక ఆసుపత్రి మంచం మీద ఉంది. తెల్లారితే గుండె ఆపరేషన్.

ఆ పిల్ల నీలం రాళ్లు కావాలంది. కోట కావాలంది. కోట పక్కన మూత తెరుచుకునే పెట్టె కూడా కావాలంది. తండ్రి దేనికీ కాదనలేదు. ఎర్ర చేపలు పిల్ల ఎంచుకుంది, నల్లది మాత్రం అతనే తీయించాడు. దాని కనుగుడ్లు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. పిల్ల చూసి నవ్వి, బుజ్జి అని పేరు పెట్టింది. నవ్వేసరికి ఆయాసం వచ్చింది. పక్కనున్న నానమ్మ ఫోన్ పెట్టేసింది.

రాబిన్ ఫిల్టరు తీసి చూపించాడు. జగదీశ్ వద్దన్నాడు. నల్లా నీళ్ల ఘాటు విరిచే మందు సీసా కూడా వద్దట. నీళ్లలోకి బుడగలు వదిలే గాలి మోటారు అసలే వద్దట. పోనీ నీళ్లు ఒక రోజు పట్టి ఉంచి పోయమంటే, ఇంటికెళ్లగానే పోసేస్తానన్నాడు.

ఇలాంటి వాళ్లను రాబిన్ రోజూ చూస్తాడు. కోటలకూ రంగురాళ్లకూ వీళ్లకు చేయి ఎంతైనా ఆడుతుంది. చేప ఊపిరి దగ్గరికి వచ్చేసరికి పొదుపు గుర్తొస్తుంది. చేపకు నోరుంటే నలుగురిలో పెట్టి కడిగేసేది.

అంతలోనే ఆసుపత్రి సంగతి తలపుకొచ్చి మెత్తబడ్డాడు. పాపం, ఖర్చుకు జడిసి వద్దంటున్నాడేమో. మోటారు డబ్బా తనే తీసి సంచిలో పెట్టాడు.

“పైసల ఫికర్ చేయకన్నా. ఇది నా దిక్కుకెల్లి పాపకు. ఆమె ఇంటికొచ్చేసరికి చేపలు బతికుండాలె కదా.”

జగదీశ్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. తర్వాత మోటారును సంచిలోంచి తీసి మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

రాబిన్‌కు ఈసారి నిజంగానే కోపం వచ్చింది.

“గాలి లేకుంటే రెండ్రోజులల్ల చస్తయన్నా. అందరికంటే ముందుగాల ఆ బుజ్జే పోతది. పిల్లకు ఏం చెప్తవ్?”

జగదీశ్ కవర్లో తిరుగుతున్న నల్ల చేపను చూస్తూ నిలబడ్డాడు.

“రెండ్రోజులంటే లేటయితదన్నా,” అన్నాడు గొంతు తగ్గించి, “ఇంట్ల చేప సచ్చిపోతే ఇంట్లోళ్ల గండం అదే మోసుకపోతదంటరు కదా, పొద్దుగాల నా బిడ్డను ఆపరేషన్‌కు తీస్కపోయేలోపే సచ్చేది ఏమన్న ఉంటే జర ఇయ్యి.”