తొమ్మిదో రాయి

ఆ పొద్దున ఆకాశం ఏ సంగతీ తేల్చుకోలేదు. కొండమీద ఎండ, లోయలో జల్లు. మే నెల మొదటి రోజు. ఎమ్రిస్ నిప్పుగుంటలో కట్టెలు పేరుస్తూ కంచె వైపే చూస్తున్నాడు. వేల్స్‌లోని ఆ పల్లెలో, ప్రకృతిని కొలిచే డ్రూయిడ్ల 'తోపు' అనే బృందమంతా కలిపి ఎనిమిదిమంది. ఏడుగురు వచ్చేశారు.

"టెగ్వెన్ రాదేమో," అన్నాడు పోస్ట్‌మాన్ గెథిన్.

"వస్తుంది," అంది ఎమ్రిస్ చెల్లెలు మాబ్లీ, రొట్టెలు సర్దుతూ.

ఏటా ఈ రోజున మాబ్లీ పట్టిన సంచిలోంచి తలా ఒక రాయి తీస్తారు. తొమ్మిది రాళ్లు, తొమ్మిది గుణాలు. చేతికొచ్చిన గుణంతో ఏడాది బతికి, మళ్లీ ఈ నిప్పు ముందు ఏం చేశారో చెప్పాలి. మిగిలిన రాయి సంచిలోనే ఉండిపోతుంది. అదేదో ఎవరూ చూడరు.

నిరుడు సంచి తెచ్చేముందు మాబ్లీ, "అన్నా, మొలక రాయి ఈసారి పక్కన పెడదామా? టెగ్వెన్ చేతికొస్తే పాపం..." అంది.

"రాళ్లతో మనం ఆడకూడదు," అని కసిరాడు ఎమ్రిస్.

తీరా టెగ్వెన్ పిడికిలి విప్పితే మొలక గుర్తే. పండే గుణం. అందరూ నేలచూపులు చూశారు. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. మూడుసార్లు కడుపు నిలవలేదని లోయంతా తెలుసు.

గెథినే తేరుకున్నాడు. "నాకు మితం వచ్చింది. ఆరుగురు పిల్లల తండ్రికి మితం! మార్చుకుందామా టెగ్వెన్?"

"నీది నువ్వే ఉంచుకో. మీ ఆవిడకు పనికొస్తుంది."

ఎమ్రిస్ ఊరుకోలేదు. ఏడాదిలో నాలుగుసార్లు ఆమె గుమ్మం తొక్కాడు.

"పెద్దవాణ్ణి చెబుతున్నా, ఆ రాయి ఇచ్చెయ్యమ్మా. నలుగురి ముందు వట్టి చేతులతో నిలబడటం ఎందుకు?"

"పండటమంటే కనడం ఒక్కటే అయితే, నీ గొర్రెలే మనందరికంటే పెద్ద డ్రూయిడ్లు."

రాయి ఆమె బల్లమీదే ఉండేది. మిగతా రాళ్లమీది గుర్తులు ముప్ఫై ఏళ్ల చేతుల్లో అరిగిపోయాయి. దీనిమీది మొలక మాత్రం తెల్లగా, పదునుగా ఉండేది. దిగులుతో గీరుతోంది కాబోలనుకుని ఎమ్రిస్ జాలిపడ్డాడు.

జనవరి గాలివానకు చర్చి వెనక ఆపిల్ చెట్టు నిలువునా చీలింది. లోయలో ఆ రకం అదొక్కటే. టెగ్వెన్ మోకాలి లోతు బురదలో దిగి రెమ్మలు కోసింది. వాటిని తడి ఇసుకలో దాచి, మార్చిలో అడవి ఆపిల్ మొక్కలకు అంటు కట్టింది. ఆ తర్వాత రోజూ మొగ్గలు తడిమి చూడటమే పని.

"పట్టకపోతే?" అన్నాడు ఎమ్రిస్.

"పట్టలేదని చెబుతా. రాయి మాత్రం ఇవ్వను."

ఇప్పుడు కంచె తలుపు కిర్రుమంది. టెగ్వెన్ బురద కాళ్లతో, కుండీల బండి తోసుకుంటూ వచ్చి నిప్పు ముందు ఆగింది.

"నలభై కట్టాను. తొమ్మిది చచ్చాయి. ముప్ఫై ఒకటి ఆకేశాయి. మనిషికి నాలుగు తీసుకెళ్లి నాటండి. గెథిన్, నీ ఇంట్లో చేతులెక్కువ, నీకు ఏడు."

గెథిన్ టోపీ తీశాడు.

ఆ రోజు భోజనం మాట లేకుండా తినడం తోపు ఆచారం. రొట్టె, వేడి మాంసం పులుసు. గిన్నెలో గరిటె చప్పుడు తప్ప ఏమీ లేదు. మాబ్లీ లేచి, జేబులోంచి ఒక రాయి తీసి టెగ్వెన్ పళ్లెం పక్కన పెట్టింది. అరిగి నున్నబడ్డ రాయి. దానిమీద, కనీకనిపించకుండా, మొలక.

టెగ్వెన్ దాన్ని చూసింది. తన రొట్టె విరిచి సగం మాబ్లీ చేతిలో పెట్టింది.

ఎమ్రిస్‌కు టెగ్వెన్ బల్లమీది తెల్లని మొలక గుర్తొచ్చింది; అది ఆమే చెక్కి, పిడికిట్లో దాచి తెచ్చుకున్న రాయి.

నిరుడు సంచిలో ఆ రాయి లేనే లేదు.