ఒకే ఐడీ

హాతిమ్, ఇనాస్! ఆ మనిషిని దొంగను చేసింది మీరే. తీగ తెంపాడన్నది మీరే, సంకెళ్లు వేయించింది మీరే. ఇంజినీర్లట, ఇంజినీర్లు!

ఈజిప్టులో ఈ దమన్‌హూర్ ఊళ్లో ఆస్పత్రి కాలువకు ఇవతల, రక్తనిధి అవతల. రక్తనిధిలో మీ కొత్త రూటర్ పెట్టినప్పటి నుంచి రెంటి మధ్యా లైను వస్తూ పోతూ ఉంది. ఫోన్ మాటకి రక్తం ఇవ్వరు. కంప్యూటర్లో అడగాలి, లేదా డాక్టరు సంతకం చేసిన చీటీ వెళ్లాలి.

ఆ మధ్యాహ్నం లైను మళ్లీ పోయింది.

వెనక మెట్ల కింద, కేబుల్ పెట్టె పక్కన, ఒకడు పాత మోటారు సైకిలు కిక్కు కొడుతూ కనిపించాడు. హాతిమ్ కాలరు పట్టుకున్నాడు.

"దొరికావురా! లైను పోయినప్పుడల్లా ఇక్కడే ఉంటావు. రాగి ఎక్కడ అమ్ముతున్నావ్?"

"రాగేంటి సార్! నా పేరు షౌకీ. జేబులో చీటీ ఉంది, లోపల బాలింతకి రక్తం..."

"ఇక్కడ పనిచేస్తావా?"

"లేదు సార్."

"మరి నీకెందుకయ్యా?" అంది ఇనాస్. "మొన్న కూడా నిన్ను ఇక్కడే చూశాను."

"ఒక్కసారి కాలువ దాటి రానివ్వండమ్మా. వచ్చాక కొట్టండి, పడతాను. వల్లాహి, దేవుడి తోడు, పారిపోను."

"కథలు స్టేషన్లో చెప్పుకో" అన్నాడు హాతిమ్.

జేబులో చీటీతో సహా షౌకీని పోలీసు జీపు ఎక్కించారు.

లైను మాత్రం రాలేదు.

అప్పుడు గాని ఇనాస్ రూటర్ల లోపల ఏముందో చూడలేదు.

"హాతిమ్, రెండిటికీ ఒకటే ఐడీ ఉందేంటి? కొత్తదానికి ఏది ఎంచావ్?"

"ఎంచడమేంటి? ఆస్పత్రి రూటర్లోది మొత్తం కాపీ చేశా. అడ్రసులు మార్చా. ఐడీ..."

"ఐడీ?"

"మార్చడం మర్చిపోయా."

"ఇద్దరొచ్చి నేనే ఆస్పత్రినంటే, మధ్యలో ఉన్న రూటర్ ఎవరికని దారి చూపిస్తుంది? తీగ ఎవడూ తెంపలేదు, మొద్దూ! మన నిర్వాకమే ఇది."

హాతిమ్ వేరే ఐడీ ఇచ్చాడు. రూటింగ్ ఆపి మళ్లీ మొదలుపెడితే గాని కొత్త ఐడీ పట్టదు. అదీ చేశాడు. లైను నిలబడింది.

తలుపు తోసుకుని నర్సు సమీహా వచ్చింది.

"షౌకీ ఏడీ? చీటీ ఇచ్చి ఎంతసేపైంది! రక్తమేదీ?"



"స్టేషన్లో..." హాతిమ్ గొణిగాడు. "లైను పోయినప్పుడల్లా కనిపిస్తున్నాడని..."

"పోయింది కాబట్టే వస్తాడయ్యా! నేను ఫోన్ చేస్తే తామియా వడల బండి జనంలో అలాగే వదిలేసి వస్తాడు. పైసా అడగడు. అతన్నా పట్టించారు?"

చెంప మీద కొట్టినా బాగుండేది వాళ్లకి.

లైను వచ్చింది గనక రక్తం ఇప్పుడు బయలుదేరింది. ఆ తల్లి బతికితే అది మీ గొప్ప కాదు.

ఇంకా ఆ తెర ముందు కూర్చున్నారేం? లేవండి. స్టేషన్‌కి నడవండి. తప్పు మాదని నలుగురిలో చెప్పి సంకెళ్లు తీయించండి. మీరు కొత్త రూటర్ పెట్టిన రోజున రక్తం అందక చనిపోయిన బాలింత షౌకీ భార్య. ఆ తప్పూ మాదేనని అతని మొహం చూసి చెప్పండి, ఇవాళే.