దక్షిణం గుమ్మం

“మంట వెలుగుతోంది. గ్యాస్ వస్తోంది. చల్లదనం మాత్రం లేదు,” అన్నాడు జగన్మోహన్. క్యాంపింగ్ ట్రైలర్ పక్కన పచ్చికలో బోర్లా పడుకొని, గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ అడుగున మంట కనిపించే కన్నంలోకి తొంగి చూస్తున్నాడు. అరవై దాటిన మనిషి పొద్దున్నే అలా పాకుతుంటే పక్క టెంటులో తెల్లాయన కాఫీ తాగడం మానేసి చూస్తున్నాడు.

వసుమతి ఫ్రిజ్ తలుపు తీసి లోపల చెయ్యి పెట్టింది. పెరుగు పుల్లటి వాసన కొడుతోంది. పెరుగు పోతే పోయింది. దాని పక్కనే ఆమె ఇన్సులిన్ సీసాలున్నాయి, రెండు నెలలకి సరిపడా. పంతొమ్మిదివందల ఎనభై నాలుగు జూలై ఎండలు నార్త్ కరొలైనా కొండల్ని కూడా వదలడం లేదు. మధ్యాహ్నానికి ఈ రేకు డబ్బా పెనంలా కాలుతుంది. సీసాలను తడిగుడ్డలో చుట్టి, స్టీలు గిన్నెలో పెట్టి, చెట్టు నీడకి చేర్చింది.

“ఐస్ కొనుక్కొద్దామా?” అన్నాడు జగన్మోహన్.

“ఐస్‌లో పెడితే గడ్డకట్టి మొత్తానికే చెడతాయి. అయినా నళిని అడిగింది ఐస్ గురించి కాదు, ఫ్రిజ్ గురించి.”

క్యారీ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న కూతురు నళిని, నిన్న క్యాంప్ ఆఫీసుకి ఫోన్ చేసి తల్లిని దులిపేసింది.

“ఈ ఏజ్‌లో ఇదేం పనమ్మా? పాట్‌లక్ భోజనాల్లో అందరూ ఇదే టాపిక్. నాకు తల ఎత్తుకోవడానికి లేదు.”

“దించుకొని తిను. ప్లేటు బాగా కనబడుతుంది.”

“జోక్ చేయకు. నీ షుగర్ ఎవరు చూస్తారు? ఫ్రిజ్ కూడా వర్క్ చేయట్లేదన్నావు. రేపు ఫైవ్‌కి డ్రైవ్ చేసి వస్తున్నా. చల్లగా లేకపోతే నువ్వు నా కార్ ఎక్కాలి. ఇంటికెళ్లిపోదాం. ఏమీ జరగనట్టే ఉందాం.”

“చల్లగా ఉంటే?”

“ఉండదు.”

ఆ ‘ఉండదు’ వసుమతికి ఒళ్లు మండించింది. ‘సరే, పందెం’ అనేసింది. ఒకసారి ఆ కారెక్కితే మళ్లీ ఈ ట్రైలర్ మెట్టెక్కనివ్వరని ఆమెకి తెలుసు.

“పోనీ, మీరు వెళ్తారా?” అన్నాడు జగన్మోహన్, చేతులు దులుపుకుంటూ.

“మళ్లీ ‘మీరు’!”

భయం వేసినప్పుడల్లా ఆయన నోట ఆ మాట వచ్చేస్తుంది. “నువ్వు,” అని దిద్దుకున్నాడు.

“ముప్పై ఏళ్లు సంసారం ఈదినదాన్ని, ఈ పెట్టెకి లొంగుతానా? ఆ పుస్తకం ఇలా ఇవ్వండి.”

ఫ్రిజ్‌తో వచ్చిన ఆ పుస్తకం చూసి ఆయన అప్పటికే పొగగొట్టంలో సాలెగూడు దులిపాడు, మంట నీలంగా వచ్చేలా చేశాడు. ఆమె కళ్లజోడు పెట్టుకొని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. మగవాళ్లు మొదటి పేజీ చదవరని ఆమెకి గట్టి నమ్మకం.

“దీనికి మోటారు లేదట. మంట వేడికి లోపలి మందు ఆవిరై పైకెళ్లి, మళ్లీ నీరై తనంతట తనే కిందికి జారాలట. అందుకని బండి సమంగా ఉండాలట. ఎలా నిలబెట్టారు?”

ఆయన మళ్లీ మంట చూడ్డానికి వంగాడు. ఆమె పళ్లెం నిండా నీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టింది. నీళ్లన్నీ ఒక పక్కకి చేరి, అంచు దాటి కారిపోయాయి.

“గుమ్మం తూర్పుకి ఉండాలని...” నసిగాడు జగన్మోహన్. “క్యాంపు వాళ్లు చూపించినట్టు పెడితే దక్షిణానికి వస్తోంది. శుభమా అని మొదలుపెడుతూ దక్షిణం గుమ్మమేమిటని, వాలుకి అడ్డంగా తిప్పాను.”

అమెరికా కొండ మీద, చక్రాల ఇంటికి, తూర్పు గుమ్మం! వసుమతికి కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి.

“చక్రాల కింద చెక్కలు పెడదాం,” అన్నాడు.

“ఈ వాలుకి అడవంతా నరకాలి. బండి తిప్పండి.”

“దక్షిణం, వసూ. యమస్థానం.”

“రానివ్వండి యముణ్ణి! మనిద్దరికీ కొత్తవాడేం కాదు. వస్తే చల్లటి మజ్జిగ పోసి పంపిద్దాం. మజ్జిగ చల్లబడాలంటే ముందు బండి తిప్పండి!”

ఆయన కారు తగిలించాడు. ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపి, వెనక నిలబడి, పక్క టెంటుదాకా వినబడేలా ‘రానీ, రానీ, ఆపండి’ అని కేకలేసింది. గుమ్మం నిండు దక్షిణానికి తిరిగింది. ఈసారి పళ్లెంలో నీళ్లు బుద్ధిగా నిలబడ్డాయి.

తొమ్మిదింటికి మంట వెలిగించారు. పదకొండింటికి తలుపు తీసి చూద్దామని ఆయన లేస్తే ఆమె కూర్చోబెట్టింది. ఒంటిగంటకి ఆమె లేస్తే ఆయన కూర్చోబెట్టాడు. ఇద్దరూ అన్నం సరిగ్గా తినలేదు.

అయిదు కాకముందే నళిని కారు వచ్చింది. దిగుతూనే, జగన్మోహన్ ఉన్న వైపు తల కూడా తిప్పకుండా లోపలికెళ్లి, తెచ్చుకున్న థర్మామీటర్ ఫ్రిజ్‌లో పెట్టింది. పది నిమిషాలు చేతులు కట్టుకొని నిలబడింది. వసుమతి కూడా చేతులు కట్టుకుంది.

“థర్టీ నైన్ ఫారెన్‌హీట్,” అంది నళిని చివరికి. “ఇన్సులిన్‌కి ఓకే.”

“నిన్న ఫ్రిజ్ పోయింది, ఇవాళ బాగుచేసుకున్నాం. రేపు టైరు పోతుంది, అదీ మార్చుకుంటాం. నువ్వు పిలిచినప్పుడల్లా పరీక్షకి కూర్చోను. ఇదే ఆఖరు.”

నళిని ఫ్రిజ్ తలుపు మూసింది. “నిజంగా హ్యాపీగా ఉన్నావా, అమ్మా?”

“ఉన్నాను. ఎవరేమనుకున్నా ఉన్నాను.”

నళిని కళ్లు తుడుచుకుంది. తల్లిని ఒక్కసారి గట్టిగా పట్టుకొని, ఖాళీ చేతులతో కారు దగ్గరికి నడిచింది. తలుపు తీయబోతూ ఆగి, అంతవరకూ పలకరించని జగన్మోహన్ వైపు తిరిగింది.

“మా అమ్మ కొత్త పెళ్లికూతురు, జాగ్రత్త అంకుల్!”