ఇరుకు గది

“ఇది తేలిక కేసే. నీడను చూసి జడుసుకునేవాళ్లు కత్తి పట్టకూడదమ్మా,” అన్నాడు పెద్ద డాక్టరు కుర్ర డాక్టరమ్మతో, స్కాన్ ఫిల్మును వెలుగుకెత్తి చూస్తూ.

పైత్యరసం పారే గొట్టంలో రాళ్లు. పొట్టకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూసుకుంటూ తీయాలి. ఆపరేషన్‌కు ముందే అది తేలికో, కష్టమో తేల్చడం ఆ ఆసుపత్రి పద్ధతి. తేలికంటే డాక్టరమ్మ ఒక్కతే చేసుకోవాలి. కష్టమంటే పెద్దాయన పక్కన నిలబడతాడు, ఎక్కించడానికి రక్తం సిద్ధంగా ఉంచుతారు. రాళ్లు చిన్నవే, గొట్టం వెడల్పుగానే ఉంది. దాని వెనక మసకగా కనిపిస్తున్న ముద్ద మాత్రం ఆమెకు నచ్చలేదు.

“పాత వాపులే,” అనేసి పెద్దాయన వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆమె వార్డుకు వెళ్లేసరికి, నొప్పి మందు ప్రభావంతో రోగి నిద్రపోతోంది. మంచం పక్క కుర్చీలో అచ్చం అదే ముఖంతో ఇంకొకావిడ, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, పిడికిలి గడ్డం కింద ఆనించి కూర్చుని ఉంది.

“అక్కగారా?”

“కవలలం. చూస్తే తెలియట్లా?”

“అలా ముడుచుకుపోయారేం? చలేస్తోందా?”

“అలవాటండీ. మొదట్నుంచీ ఇద్దరికీ ఒకటే గది. ఇది కాళ్లు చాపుకుని పెరిగింది, నేను సర్దుకున్నాను.” ఆవిడ నవ్వింది. “రేపటి పని తేలికేనటగా?”

డాక్టరమ్మ తటపటాయించింది. “అలాగే అంటున్నారు.”

“అననివ్వండి. మీరు మాత్రం ముందే రాళ్ల జోలికి వెళ్లకండి. వెనకున్న గడ్డ ఆ గొట్టాన్నీ, పెద్ద రక్తనాళాన్నీ కలిపి పట్టుకుంది. గొట్టం లాగారంటే నాళం చిరుగుతుంది, మా చెల్లి మాకు దక్కదు. ముందు గడ్డను విడదీసి బయట పడెయ్యండి.”

“ఇదంతా మీకెవరు చెప్పారు?”

“దాని లోపలి సంగతి నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?”

డాక్టరమ్మ కేసు షీటు మరోసారి తిరగేసింది. “రేపు తోడుంటారుగా?”

ఆవిడ చెల్లెలి వైపు చాలాసేపు చూసింది. “మీ పని అయ్యేదాకా ఉంటాను.”

పొద్దున దేవుడికి దండం పెట్టుకుంటూ, ‘స్వామీ, ఇది నీ హెచ్చరికా, నా పిరికితనమా?’ అని అడిగింది డాక్టరమ్మ. దీపం నిశ్చలంగా వెలుగుతోంది. ఆసుపత్రికి వెళ్లి, ‘కష్టం’ అనే చెప్పింది. పెద్దాయన గొణుక్కుంటూనే వచ్చి పక్కన నిలబడ్డాడు.

కెమెరా లోపలికి వెళ్లగానే ఆయన గొణుగుడు ఆగిపోయింది. నిమ్మకాయంత గడ్డ, గొట్టాన్నీ రక్తనాళాన్నీ గుప్పిట పట్టినట్టు పట్టుకుని ఉంది.

“లాగకమ్మా, లాగకు!” అన్నాడాయన.

“లాగను సార్. నాకు ముందే చెప్పారు.”

ఆమె గడ్డను కొంచెం కొంచెంగా విడదీసింది. దాన్ని సంచిలో వేసి బొడ్డు దగ్గరి రంధ్రంలోంచి తీసి, ల్యాబుకు పంపింది. ఆ తర్వాత రాళ్లు ఇట్టే వచ్చేశాయి.

బయట రోగి తల్లి ఎదురొచ్చి చేతులు పట్టుకుంది.

“గండం గడిచిందమ్మా,” అంది డాక్టరమ్మ. “మీ పెద్దమ్మాయి చెప్పబట్టే బతికించగలిగాను. ఏరీ ఆవిడ?”

తల్లి తెల్లబోయింది. “పెద్దమ్మాయేంటి తల్లీ? నాకు ఇది ఒక్కతే కూతురు.”

డాక్టరమ్మ గబగబా వార్డులోకి వెళ్లి చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది.

అప్పుడే ల్యాబు డాక్టరు ఫోన్ చేశాడు. “గడ్డను కోశాను. మీరొకసారి వచ్చి చూడండి,” అన్నాడు నెమ్మదిగా.

ఆమె వెళ్లి, దీపం కింద పెట్టిన పళ్లెం మీదికి వంగింది.

గడ్డ లోపల, పిడికిలి బిగించుకుని, ఒక బుల్లి చెయ్యి ఉంది.