ఉప్పు మారిందాండి?

పెద్దాయన పప్పు పొట్లం ముడి కౌంటరు దగ్గరే విప్పాడు.

వేలికొసతో కాస్త తీసి నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"తీర్పు రాబోతోందండి" అంది కొట్లో వంటకి సాయంచేసే రమ్యశ్రీ, వంకాయ కూర కలుపుతూనే.

ఆ కర్రీ పాయింటు లక్ష్మీప్రసన్నది. తాడేపల్లిగూడెం బస్టాండు వెనకవీధిలో ఉంది. భర్త ఉమాపతికి పక్షవాతం వచ్చి, గుళ్లో అర్చకత్వం ఆగిపోయాక ఇల్లంతా ఆ కొట్టు మీదే నడుస్తోంది.

అక్కడ ప్రతిదీ ఆవిడ కళ్లముందే జరగాలి. బెండకాయ ముక్కలన్నీ ఒకేలా ఉండాలి. గిన్నె అంచున చారిక కనబడకూడదు. తలకు గుడ్డ కట్టుకోకుండా ఎవరూ పొయ్యి దగ్గరికి రాకూడదు.

రుచి మాత్రం చూడదు.

వాళ్లింట్లో దేవుడికి పెట్టకముందు వంట నోట్లో వేసుకోరు. నైవేద్యం అయ్యేసరికి జనం వచ్చేస్తారు. ఉప్పుకి కొలత ఆవిడ గుప్పిటే.

"ఎంగిలిచేసి వండటం మా వంశంలో లేదండి. నా చెయ్యి తప్పదు" అనేది.

ఆ చేతికి వంకపెట్టేది ఈ పెద్దాయన ఒక్కడే. ఎవరో, ఎక్కడుంటాడో తెలియదు. రోజూ మధ్యాహ్నం వస్తాడు.

"నిన్నటి చారులో ఇంగువ మాడిందమ్మా."

"ఈ ముడి వదులుగా ఉందండి. సైకిలు మీద వెళ్లేవాడికి దారంతా కారిపోతుంది."

"కూరలో గరిటె పప్పులో పెట్టేశారు, చూసుకోండి."

"మా ఇంట్లో అత్తగారికి తమ్ముడేమోనండి, వంకలు పెట్టడంలో అదే పోలిక" అనేది రమ్యశ్రీ. వంటింట్లో అందరూ నవ్వేవారు.

పెద్దాయన కళ్లు తెరిచాడు.

"ఉప్పు మారిందాండి?"

వెనక జనం బారులు తీరి ఉన్నారు. లక్ష్మీప్రసన్న మొహం ఎర్రబడింది.

"ఉప్పు ఉప్పేనండి. మారేదేముంది?"

"ఎక్కువైందమ్మా. నిన్నా ఇంతే."

"ఇంతమంది తింటున్నారు. ఎవరికీ లేని బాధ మీకేంటండి?"

"వాళ్లు చెప్పరమ్మా."

ఆ మాట ఆవిడకి ఎక్కడో తగిలింది.

"నచ్చకపోతే ఊళ్లో కర్రీ పాయింట్లు బోలెడున్నాయండి. రేపట్నుంచి ఇక్కడికి రాకండి."



పెద్దాయన పొట్లానికి మళ్లీ జాగ్రత్తగా ముడి వేసుకున్నాడు.

"అలాగేనమ్మా."

ఈసారి వంటింట్లో ఎవరూ నవ్వలేదు.

మర్నాటినుంచి ఆయన రాలేదు. హమ్మయ్య అనుకుంది లక్ష్మీప్రసన్న.

కొన్నాళ్లకి కాలేజీ పిల్లలు రావడం మానేశారు. తర్వాత బ్యాంకువాళ్లు. ఆ తర్వాత బస్సు కండక్టర్లు.

ఎవరూ దెబ్బలాడలేదు. ఎదురుపడితే "బావున్నారాండి" అని నవ్వుతూ పలకరించి, పక్కసందులోకి తిరిగిపోయేవారు.

ఆవిడ గిన్నెలు ఇంకా గట్టిగా తోమించింది. ముక్కలు ఇంకా సన్నగా తరిగించింది. కౌంటరుకి కొత్త గాజుపలక వేయించింది.

సాయంత్రానికి పప్పూ కూరా కుడితితొట్టిలోకి పోయేవి. పనివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. రమ్యశ్రీ మిగిలింది.

"వచ్చే నెలనుంచి కొట్టు సెల్‌ఫోన్లవాళ్లకి ఇస్తున్నానండి. ఏమీ అనుకోకండి" అన్నాడు కొట్టు యజమాని.

ఆ మధ్యాహ్నం నైవేద్యం అయ్యాక ఒక్కరూ రాలేదు. లక్ష్మీప్రసన్న విస్తరాకు వేసుకుని కొట్లోనే కూర్చుంది. ఇంట్లో భర్తకి ఉప్పు లేని వంట, ఆవిడా అదే తింటుంది. కొట్లో వంట తను తినడం అదే మొదలు.

మొదటి ముద్దకే గొంతు మండింది.

"రమ్యా, ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది?"

రమ్యశ్రీ చెయ్యి కడుక్కుంటూ ఆగింది.

"కల్లుప్పు మానేసి మెత్తటుప్పు తెప్పించారు కదండి, అప్పట్నుంచి. మీరు అదే గుప్పెడు వేస్తున్నారు. మెత్తటుప్పు గుప్పెట్లో ఎక్కువ పడుతుంది కదండి."

"నువ్వు రోజూ ఇక్కడే తింటావు. ఒక్కసారి చెప్పలేకపోయావా?"

"ఆ పెద్దాయన్ని మీరు పొమ్మన్నాక ఇంకెవరు చెప్తారండి?"

లక్ష్మీప్రసన్న విస్తరి మడిచేసింది.

మర్నాడు కల్లుప్పు తెప్పించి పప్పు వండింది. దేవుడికి పెట్టి, జీవితంలో మొదటిసారి తనే గరిటెతో రుచి చూసింది. ఒక పొట్లం కట్టింది. ముడి రెండుసార్లు లాగి చూసింది.

బస్టాండు దగ్గర ఆటో నడిపే సత్తిబాబుకి పెద్దాయన ఇల్లు తెలుసు.

"పెంటపాడు రోడ్డులో చర్చి పక్కనండి. బాలస్వామిగారు" అన్నాడు.

తలుపు తీసింది ఆయన కూతురు స్టెల్లా. లోపల గోడమీద పెద్దాయన ఫొటో, దానికి పూలదండ.

"మొన్న ఈస్టరుకి ముందు, మట్టలాదివారం నాడు పోయారండి" అంది స్టెల్లా. "మీరు..."

"కర్రీ పాయింటు." లక్ష్మీప్రసన్న పొట్లం చూపించింది.

"ఓ, మీరాండి. రండి, కూర్చోండి."

కూర్చోలేదు. పొట్లం చేతిలో వేడిగా ఉంది.

"ఆయన్ని నేనొక మాట అన్నానండి."

"ఇంటికొచ్చి చెప్పారు. ఆ అమ్మాయి చెయ్యి మంచిది, పాపం, అన్నారు."

స్టెల్లా ఫొటో మీద దండ సర్దింది.

"ఆయనకి వంట నేనే చేసేదాన్నండి. మీ దగ్గర తెచ్చింది వేలికొస రుచే తప్ప ఎప్పుడూ తినలేదు. ఎండలో ఎందుకు నాన్నా అంటే వినేవారు కాదు."

"మరి ఎందుకొచ్చేవారండి?"

"మీ కొట్టున్న చోటే ఒకప్పుడు నాన్న మెస్సు నడిపేవారండి" అంది స్టెల్లా, "వంటలో ఏం తేడా వచ్చిందో ఒక్కరూ చెప్పకుండానే జనం మానేశారు, అదేంటో ఆయనకి చివరిదాకా తెలియలేదు."